పాత నెట్‌బుక్‌లో లినక్స్ ఎక్కకపోతే

మా సంఘం ఏటా నోటుపుస్తకాలు, ఫీజు సాయం ఇస్తున్న సంగతి ఈ సంచిక చదివేవారికి తెలిసిందే. ఈమధ్య ఇంకో పని నెత్తిన వేసుకున్నాం. ఇళ్లలో అటకెక్కిన పాత కంప్యూటర్లను అడిగి తెచ్చి, పనికొచ్చేటట్టు చేసి, చదువుకునే పిల్లలకు ఇవ్వడం. అనుకున్నంత తేలిక కాలేదు. వచ్చిన మొట్టమొదటి యంత్రమే మా చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది. యాడికి సీమలో ఒక్క చెరువు నిండడమే గగనం, మూడు ఎక్కడివని మాత్రం అడక్కండి.

అది 10 అంగుళాల తెర ఉన్న చిన్న నెట్‌బుక్. రాయలచెరువు నుంచి ఒక పెద్దాయన గుడ్డసంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. కొడుకు అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు శెనక్కాయలు అమ్మిన డబ్బుతో కొనిచ్చారట. కొడుకు ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు. "ఇంట్లో దీన్ని ముట్టేవాళ్లు లేరు బాబూ. విండోస్ ఎక్కడం లేదంట. ఎవరికన్నా పనికొస్తే ఇయ్యండి" అన్నారు. లోపల ఫొటోలు, కాగితాలు ఏమైనా ఉన్నాయా చాచా అని అడిగాం. "ఏముంటాయిలే" అన్నారు. గడప దాటబోతూ ఆగి, "వాళ్లమ్మ ఫొటోలు ఏమన్నా కనపడితే చూడండి. ఆమె పోయి ఆరేండ్లయింది" అన్నారు.

దాంతో మా పని రెండు పనులైంది. ముందు లోపల ఉన్నవి పోకుండా బయటికి తీయాలి. ఆ తర్వాతే కొత్త వ్యవస్థ ఎక్కించాలి. ఎవరి సొత్తయినా మన చేతికి వచ్చినప్పుడు అది అమానత్ కదా.

లినక్సే ఎందుకని కొందరు అడిగారు. ఈ నెట్‌బుక్‌లో ఉన్నది ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ మెమరీ. ఇందులో నడిచే విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కి 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఆపేసింది. కొత్త విండోస్‌ను ఇది మోయలేదు. లినక్స్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, తేలికపాటి రకాలు పాత యంత్రాల్లో కూడా నడుస్తాయి. అసలు నెట్‌బుక్ అనే మాటకు ప్రచారం తెచ్చిన ఆసుస్ ఈఈఈ పీసీ 2007లో మార్కెట్‌లోకి వచ్చింది లినక్స్‌తోనే. మేము కొత్తగా చేస్తున్నదేమీ లేదు.

ఈ చిన్న యంత్రాలకు సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి ఏది ఎక్కించాలన్నా పెన్‌డ్రైవ్ దారినే రావాలి. ఆ దారిలో మేము ఆగిన చోట్లన్నీ ఇక్కడ రాస్తున్నాం. ఒక్క మాట ముందే చెబుతాం. లినక్స్ ఎక్కలేదని చెప్పేవారిలో చాలామంది అది ఎక్కడ ఆగిందో చెప్పరు. జ్వరం అని చెప్పి, ఎప్పటి నుంచి, చలి ఉందా, దగ్గు ఉందా చెప్పకపోతే డాక్టరు ఏం చేస్తాడు? ఇదీ అంతే. తెరమీద చివరగా కనిపించిన వాక్యాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సగం రోగం అందులోనే తెలిసిపోతుంది.

మా మొదటి ప్రయత్నంలో తెరమీద ఏమీ రాలేదు. నల్లటి తెర, మూలన మినుకుమినుకుమనే చిన్న గీత. కారణం మా తెలివితక్కువతనమే. దిగుమతి చేసుకున్న ఐఎస్ఓ ఫైలును పాటలు కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం. అలా చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు ఉంటుందే తప్ప, యంత్రం మొదట చదివే బూట్ భాగం అందులో ఉండదు. రూఫస్, ఎచర్ లాంటి ప్రోగ్రాములతో ఆ ఫైలును పెన్‌డ్రైవ్ మీద రాయించాలి. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాతవన్నీ చెరిగిపోతాయి, అది గుర్తుంచుకోండి.

సరిగ్గా రాయించాక కూడా యంత్రం పాత విండోస్ దగ్గరికే వెళ్లి కూర్చుంది. ఆన్ చేయగానే బూట్ మెనూ తెరవడానికి ఒక్కో కంపెనీ ఒక్కో మీట పెట్టింది. కొన్నింటిలో ఎస్కేప్, కొన్నింటిలో ఎఫ్12. బయోస్ సెట్టింగుల్లోకి పోవడానికి ఎక్కువగా ఎఫ్2. మేము బయోస్‌లో 'తొలగించగల పరికరాలు' అన్న వరుసలో పెన్‌డ్రైవ్ కోసం ఒక పూటంతా వెతికాం. అది అక్కడ లేదు. చాలా పాత బయోస్‌లు పెన్‌డ్రైవ్‌ను కూడా ఇంకో హార్డ్‌డిస్క్ అనుకుంటాయి. 'హార్డ్‌డిస్క్ డ్రైవ్‌లు' అన్న లోపలి జాబితా తెరిస్తే అక్కడ రెండోదిగా కనిపించింది. దాన్ని పైకి జరిపాం. పెన్‌డ్రైవ్ గుచ్చిన తర్వాతే యంత్రాన్ని ఆన్ చేయాలి, లేకపోతే ఆ జాబితాలో అది రాదు.

మూడోసారి తెరమీద ఒక వాక్యం వచ్చింది. ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఐ686 మాత్రమే ఉంది అని దాని అర్థం. ఆ వాక్యం చూసి మాకు సంతోషం వేసింది, ఎందుకంటే ఇప్పుడైనా యంత్రం మాతో మాట్లాడింది. ఎన్270 ప్రాసెసర్ 32 బిట్ రకం. మేము తెచ్చింది 64 బిట్ లినక్స్. ఇప్పుడు చాలా లినక్స్ రకాలు 64 బిట్‌కే వస్తున్నాయి. ఉబుంటు 2017లో డెస్క్‌టాప్‌కు 32 బిట్ ఐఎస్ఓ ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉంది. దాని ఆధారంగా తయారైన యాంటీఎక్స్ 23లోనూ 32 బిట్ రకం ఉంది. ఏది దించుకునే ముందైనా యంత్రంలోని ప్రాసెసర్ పేరు చూసుకోండి. మేము చూసుకోక రెండు రోజుల ఫోన్ డేటా నేలపాలు చేశాం.

యాంటీఎక్స్‌ను హార్డ్‌డిస్క్ ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు. దీన్ని లైవ్ పద్ధతి అంటారు. విండోస్ లేవని యంత్రంలో కూడా ఇలా లోపలికి పోయి ఫైళ్లు తీసుకోవచ్చు. అది తెరుచుకున్నాక విండోస్ భాగంలో కొడుకు పేరుతో ఉన్న ఫోల్డర్లు వెతికాం. కాలేజీ నోట్సు, క్రికెట్ వీడియోలు, హాల్‌టికెట్ల స్కాన్లు. వాటి మధ్య 'ఈద్' అన్న ఫోల్డర్‌లో 43 ఫొటోలు. అన్నింటినీ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అక్కడ అవి తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూశాకే చెరిపే పనికి దిగాం. కాపీ అయిందని తెర చెప్పడం వేరు, ఫొటో తెరుచుకోవడం వేరు. ఈ ఒక్క విషయంలో తొందరపడకండి, లినక్స్ రేపైనా ఎక్కుతుంది.

తర్వాత డెబియన్ 12 మొదటి డీవీడీ ఐఎస్ఓ తీసుకున్నాం. దాదాపు 4 జీబీ ఉంటుంది. తాడిపత్రిలో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న మిత్రుడి ఇంట్లో దించాం. నెట్ లేకుండానే డెస్క్‌టాప్ సహా ఎక్కించుకోవచ్చని ఈ పెద్ద ఫైలును ఎంచుకున్నాం. ఇంత పెద్ద ఫైలు మధ్యలో తెగి అతుక్కుంటే పాడై ఉండవచ్చు. అందుకే డెబియన్ వారు ప్రతి ఐఎస్ఓకు 64 అక్షరాల ఒక ముద్ర ప్రకటిస్తారు. షా256 అంటారు. మన ఫైలుకు అదే ముద్ర లెక్క కట్టి రెండూ పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించాల్సిందే. ఈసారి మేము పోల్చాం, కుదిరింది.

అయినా ఆగింది. ఇన్‌స్టాలర్ తెరుచుకుని, భాష అడిగి, కీబోర్డు అడిగి, సీడీ-రామ్ దొరకలేదు అని నిలబడింది. సీడీ డ్రైవే లేని యంత్రం సీడీ అడగడమేమిటని నవ్వుకున్నాం. దాని భాషలో సీడీ అంటే ఇన్‌స్టాల్ చేయాల్సిన సరుకున్న చోటు. మేము రూఫస్‌లో ఐఎస్ఓ పద్ధతిలో రాయించాం. ఆ పద్ధతిలో ఫైళ్లు విడివిడిగా పెన్‌డ్రైవ్‌లోకి పోతాయి, ఒక్కోసారి ఇన్‌స్టాలర్ తన సరుకును గుర్తుపట్టదు. డీడీ పద్ధతి ఎంచుకుంటే ఐఎస్ఓ ఉన్నది ఉన్నట్టు అచ్చు పడుతుంది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో పెడితే ఫార్మాట్ చేయమని అడగవచ్చు. చెడిపోయిందనుకుని సరేనని నొక్కకండి. అది చెడిపోలేదు, విండోస్‌కు ఆ రాత చదవడం రాదు, అంతే.

డీడీ పద్ధతితో ఇన్‌స్టాలర్ సాఫీగా నడిచింది. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు భాష కూడా ఉంది, ప్రశ్నలన్నీ తెలుగులోనే అడుగుతుంది. డెస్క్‌టాప్‌గా ఎల్‌ఎక్స్‌డీఈ ఎంచుకున్నాం. 1 జీబీ మెమరీకి గ్నోమ్ లాంటి బరువైనది పెడితే ఎద్దులబండికి లారీ బరువు కట్టినట్టే. సగంలో ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి యంత్రమూ పోయింది. సగం ఎక్కిన వ్యవస్థను అతుకులు వేయబోకుండా మొదటి నుంచి మళ్లీ చేయడమే మేలు. మళ్లీ చేశాం, ఈసారి ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో.

పని పూర్తయింది. దర్జీపని చేసే ఒకరి కూతురు ఇంటర్ చదువుతోంది, ఆ అమ్మాయికి ఇచ్చాం. పెన్‌డ్రైవ్ మాత్రం మా దగ్గరే ఉంచుకున్నాం. తెల్లారి ఆ అమ్మాయి ఫోను. "అన్నా, అది లేయడం లేదన్నా. ఆపరేటింగ్ సిస్టం లేదంటాంది. నేను ఏం చేయలేదన్నా." ఆ చివరి మాట మాకు బాధ కలిగించింది. తప్పు ఎవరిదో తెలియకముందే ఆడపిల్ల తనది కాదని చెప్పుకోవాల్సి వచ్చింది.

తప్పు మాదే. యంత్రం లేచేటప్పుడు లినక్స్‌ను పిలిచే చిన్న ప్రోగ్రాము గ్రబ్. దాన్ని ఏ డిస్క్ మీద రాయాలని ఇన్‌స్టాలర్ చివర్లో అడిగింది. రెండు పేర్లు చూపించింది, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని. మొదటిదే హార్డ్‌డిస్క్ అయ్యుంటుందనుకుని ఎస్‌డీఏ నొక్కాం. కానీ మేమే బయోస్‌లో పెన్‌డ్రైవ్‌ను హార్డ్‌డిస్క్ కంటే పైకి జరిపాం కదా! అలా పెన్‌డ్రైవ్ ఎస్‌డీఏ అయింది, హార్డ్‌డిస్క్ ఎస్‌డీబీ అయింది. ఇల్లు హార్డ్‌డిస్క్‌లో, తాళంచెవి పెన్‌డ్రైవ్‌లో. మా దగ్గర ఉన్నంతసేపూ పెన్‌డ్రైవ్ యంత్రానికే గుచ్చి ఉంది, అందుకే లేచింది.

ఆ ప్రశ్న వచ్చినప్పుడు పేరు చూడకండి, పక్కన ఉన్న సైజు చూడండి. 160 జీబీ హార్డ్‌డిస్క్, 8 జీబీ పెన్‌డ్రైవ్ అని ఇట్టే తెలుస్తుంది. ఒకసారి పొరపాటు జరిగితే మళ్లీ మొత్తం ఎక్కించనక్కర్లేదు. పెన్‌డ్రైవ్ గుచ్చి యంత్రాన్ని లేపి, టెర్మినల్‌లో అడ్మిన్ అనుమతితో గ్రబ్-పీసీ ప్యాకేజీని మళ్లీ కాన్ఫిగర్ చేస్తే డిస్కుల జాబితా వస్తుంది. అందులో హార్డ్‌డిస్క్ పక్కన గుర్తు పెడితే చాలు. మేము ఆ అమ్మాయి ఇంటికే వెళ్లి, వాళ్ల కుట్టుమిషన్ మీద పెట్టి చేశాం. పది నిమిషాల పని. పెన్‌డ్రైవ్ తీసి, ఆపి, మళ్లీ ఆన్ చేయమని ఆ అమ్మాయికే చెప్పాం. లేచింది. ఇంకోసారి ఆపి మళ్లీ లేపింది, నమ్మకం చాలక. ఇప్పుడు ఏ యంత్రమైనా పెన్‌డ్రైవ్ తీసేసి రెండుసార్లు లేపి చూశాకే గడప దాటిస్తున్నాం.

వారం తర్వాత ఇంకో ఫోను. నెట్ పెడితే ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదని. చూస్తే యంత్రం తేదీ 2009 జనవరిలో ఉంది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. తేదీ వెనక్కి పోతే బ్రౌజర్ వెబ్‌సైట్ల భద్రతా పత్రాలను ఇంకా చెల్లుబాటు కానివిగా చూస్తుంది, లినక్స్ అప్‌డేట్లు కూడా అదే కారణంతో ఆగుతాయి. బిళ్ల మార్చాక సరిపోయింది. వైఫై పని చేయని యంత్రాల్లో ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెడితే నెట్ వస్తుంది. ఆ తర్వాత వైఫైకి కావలసిన ఫర్మ్‌వేర్ తెచ్చుకోవచ్చు.

ఫొటోలను ఒక మెమరీ కార్డులో వేసి పెద్దాయన ఫోన్‌లో పెట్టి ఇచ్చాం. అక్కడే కూర్చుని చాలాసేపు చూసుకున్నారు. కువైట్‌కు పంపడం ఎలాగో చూపించమన్నారు, చూపించాం.

ఇప్పుడు మా దగ్గర ఇంకో రెండు నెట్‌బుక్‌లు ఉన్నాయి. ఒకదాంట్లో ప్రాసెసర్ 64 బిట్టే, కానీ దాన్ని లేపే యూఈఎఫ్ఐ 32 బిట్. ఇలాంటివి 2014 ప్రాంతంలో చాలా వచ్చాయి. మామూలు 64 బిట్ పెన్‌డ్రైవ్‌ను ఇది కళ్లెత్తి చూడదు. 32 బిట్ యూఈఎఫ్ఐ బూట్ ఫైలు కూడా ఉన్న ఐఎస్ఓ కావాలి. దాని పని నడుస్తోంది. రెండోదానికి చార్జర్ లేదు. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే తీసుకురండి, చార్జర్ కూడా వెతికి సంచిలో వేయండి.