బాండు పేపరు మీద తెగిన పెళ్లి తెగినట్టేనా?

ఎస్.కోట ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సు కోసం కూచుని ఉంటే, పక్కనున్న పెద్దావిడ ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. వంద రూపాయల స్టాంపు పేపరు. మనవైపు బాండు పేపరంటాం. మడిచి మడిచి మడతల దగ్గర చిరుగు పట్టింది. కింద ఆరు సంతకాలు, రెండు వేలిముద్రలు.

"మా గుంటకి ఇడాకులైపోనాయి బాబూ. పెద్దలందరూ సంతకాలెట్టారు. ఆడు మళ్లీ పెళ్లి కూడా సేసుకున్నాడు. బిడ్డ కర్సుకి డబ్బులడిగితే, అడగనని కాయితంలో రాసేసారు గదా అంటన్నాడు. ఇంకేటి సెయ్యాలి?"

చదివాను. "ఇకమీదట ఒకరిపై ఒకరికి ఏ హక్కులూ లేవు, మనోవర్తి కోరను" అని నిజంగానే ఉంది. పైన మాత్రం, ఎవరూ చదవని చోట, పెద్దక్షరాలతో 'ఇండియా నాన్ జుడీషియల్' అని అచ్చయి ఉంది. కోర్టు ఫీజు కింద పనికొచ్చేది కాదని ఆ కాగితం తన నెత్తిమీదే రాసుకుంది.

ఇలాంటి కాగితాలు మన మండలంలో ఎన్ని ఇనప్పెట్టెల్లో ఉన్నాయో! అందుకే ఈ అపోహతోనే మొదలెడతాను.

అపోహ: పెద్దమనుషుల ముందు రాసుకుంటే విడాకులైపోయినట్టే.

వాస్తవం: కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందికి వచ్చే పెళ్లిని రద్దుచేసేది కోర్టు డిక్రీ. నోటరీ ముద్ర వేయించినా, సర్పంచి సంతకం పెట్టినా కాగితం కాగితమే. ఒక్క మినహాయింపు ఉంది. కులాచారం ప్రకారం విడాకులు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి తరతరాలుగా ఉంటే, చట్టంలోని 29వ సెక్షను దాన్ని కాపాడుతుంది. కానీ ఆ ఆచారం ఉందని చెప్పుకున్నవాళ్లే సాక్ష్యాలతో రుజువు చెయ్యాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. "మా కులంలో ఉంది" అని నోటిమాటగా అంటే సరిపోదు.

మరి ఆ అల్లుడి సంగతేమిటి? ఆచారం రుజువు కాకపోతే మొదటి పెళ్లి చెక్కు చెదరలేదు. రెండో పెళ్లి చట్టం దృష్టిలో పెళ్లే కాదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద ఏడేళ్ల వరకూ శిక్ష పడగల నేరం. ఆ రెండో పెళ్లి వల్ల పుట్టిన పిల్లలు మాత్రం చట్టబద్ధ సంతానమే. పెద్దల తప్పు పిల్లల నెత్తిన పడకుండా హిందూ వివాహ చట్టం 16వ సెక్షను అడ్డుకుంది. ఇక 'మనోవర్తి కోరను' అన్న షరతు సంగతి. భార్యకు చట్టమిచ్చిన ఆ హక్కుని ఒప్పందంతో తుడిచేయడం ప్రజావిధానానికి విరుద్ధమని హైకోర్టులు పలుమార్లు చెప్పాయి. బిడ్డ హక్కయితే సరేసరి. అది తల్లి వదులుకోవడానికి తల్లిది కాదు, బిడ్డది.

ఇదంతా చెబితే పెద్దావిడ అడిగిన రెండో మాట: "అయితే ఎస్.కోట కోర్టుకెల్లాలా, ఇజీనారమా?" అసలు చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: భార్యాభర్తల తగువేదైనా ఫ్యామిలీ కోర్టుకే పోవాలి.

వాస్తవం: ఫ్యామిలీ కోర్టు న్యాయవ్యవస్థ అనే మెట్లదారిలో ఒక మెట్టు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. జనాభా పది లక్షలు దాటిన నగరాల్లో రాష్ట్ర ప్రభుత్వం వీటిని తప్పనిసరిగా పెట్టాలి, మిగతా చోట్ల అవసరాన్ని బట్టి. ఏ కోర్టు పరిధి ఎంతవరకో ప్రభుత్వ నోటిఫికేషనే చెబుతుంది. విడాకులు, పెళ్లి చెల్లుతుందా లేదా అన్న వివాదం, భార్యాభర్తల మధ్య ఆస్తి తగువు, పిల్లల సంరక్షణ, మనోవర్తి ఇక్కడికి వస్తాయి. దీని హోదా జిల్లా కోర్టుతో సమానం. ఇది ఉన్న పరిధిలో ఈ విషయాలు మరో కింది కోర్టు వినకూడదు. లేనిచోట విడాకుల పిటిషన్లను మన రాష్ట్రంలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులు, మనోవర్తిని మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టులు వింటాయి.

కొట్టడం, ఇంట్లోంచి గెంటేయడం, తిండి పెట్టకపోవడం లాంటివైతే 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. బాధితురాలు తాత్కాలికంగా తలదాచుకున్న ఊరైనా సరే. భర్త, అత్తమామల క్రూరత్వం మీద పోలీసు కేసు, అంటే జనం నోట ఇంకా 'నాలుగు వందల తొంభై ఎనిమిది' గానే ఉన్నది, ఇప్పుడు న్యాయ సంహిత 85వ సెక్షను. అది క్రిమినల్ కోర్టుది. ఈ మూడూ వేరువేరు గడపలు. ఒకే ఇంటి గొడవకి మూడు చోట్ల తిరగాల్సి వస్తుందన్నది నిజమే, అది చట్టంలోని లోపమేనని నా అభిప్రాయం. కాకపోతే గృహహింస చట్టం 26వ సెక్షను ప్రకారం, ఆ చట్టమిచ్చే రక్షణలను ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్న కేసులోనే అడగొచ్చు. ఈ వెసులుబాటుని అడిగేవాళ్లే తక్కువ.

ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద అప్పీలు ముప్పై రోజుల్లోగా నేరుగా అమరావతిలోని హైకోర్టుకి. అక్కడ కనీసం ఇద్దరు జడ్జీలు కూర్చుని వినాలి. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని తీసుకున్న డిక్రీ మీద అప్పీలు లేదు.

ఈ మెట్లు అన్ని దేశాల్లో ఒకేలా ఉండవు. కరీబియన్‌లోని జమైకాలో 1975లోనే ఫ్యామిలీ కోర్టు వచ్చింది. పిల్లల పోషణ, సంరక్షణ వింటుంది గానీ విడాకులివ్వలేదు. దానికి పై మెట్టయిన అక్కడి సుప్రీంకోర్టుకి ఎక్కాల్సిందే. ట్రినిడాడ్ కథ మనకి ఇంకా దగ్గర. 1845 నుంచి 1917 దాకా మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఆ దీవికి తరలించారు. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు వెదురు పందిరి కింద చేసుకున్న హిందూ పెళ్లిళ్లను అక్కడి చట్టం 1945 దాకా పెళ్లిగా ఒప్పుకోలేదు. పందిట్లో అందరూ అక్షింతలేసినా, రికార్డులో ఆ పిల్లలు అక్రమ సంతానమే. సభ ఒప్పుకున్నదీ చట్టం ఒప్పుకున్నదీ వేరని తెలియజెప్పడానికి అంతకంటే కఠినమైన ఉదాహరణ నాకు దొరకలేదు. అక్కడ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఫ్యామిలీ కోర్టు 2004లో మొదలైంది. తుది అప్పీలు మాత్రం ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే. మనవాళ్లకి అమరావతి, ఆపైన ఢిల్లీ. దూరమే గానీ సముద్రాలు దాటనక్కర్లేదు.

అపోహ: ఫ్యామిలీ కోర్టంటే విడాకుల దుకాణం.

వాస్తవం: దీని పుట్టుకే అందుకు వ్యతిరేకం. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లి, అక్కడి కుటుంబ న్యాయస్థానాలు పనిచేసే తీరు చూసొచ్చారు. ఇలాంటివి మనకీ కావాలని నెహ్రూతోనూ, ఛాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతోనూ మాట్లాడారు. చట్టం రావడానికి మరో 31 ఏళ్లు పట్టింది. ఆవిడ 1981లోనే కన్నుమూశారు. చట్టం 9వ సెక్షను ప్రకారం జడ్జి మొదటి పని తీర్పు చెప్పడం కాదు, రాజీకి ప్రయత్నించడం. కౌన్సిలర్లు ఉండాలి. రాజీకి ఆస్కారముందనిపిస్తే విచారణ వాయిదా వెయ్యొచ్చు. అయితే "జడ్జిగారు ఎలాగైనా కలిపేస్తారు" అన్నది దీనికి జంట అపోహ. బలవంతపు రాజీ చట్టంలో ఎక్కడా లేదు. దెబ్బలు తిని వచ్చిన పిల్లని సర్దుకుపొమ్మనడం రాజీ అనిపించుకోదు.

అపోహ: అక్కడ లాయర్లని రానివ్వరు. లేదా, లాయరు లేనిదే గుమ్మం తొక్కలేం.

రెండూ తప్పే. అదే చట్టం 13వ సెక్షను ప్రకారం లాయరుని పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతితో పెట్టుకోవచ్చు. మీ మాట మీరే చెప్పుకోవచ్చు కూడా. విషయం ఊరంతా వింటుందన్న భయం ఉంటే, 11వ సెక్షను కింద ఇరుపక్షాల్లో ఎవరు కోరినా తలుపులు మూసి విచారించాలి.

అపోహ: కోర్టు 'కాపురానికి వెళ్లు' అని ఆర్డరిస్తే పోలీసులొచ్చి దింపుతారు.

వాస్తవం: ఈ భయంతో నోటీసు అందుకున్న రోజునుంచీ అన్నం మానేసిన అమ్మాయిలున్నారు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ అనే ఈ హిందూ వివాహ చట్టం 9వ సెక్షను మీద దేశంలో పెద్ద పోరాటం జరిగింది మన తెలుగునేల మీదే. సినీనటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి 1983లో ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. తన శరీరం మీద, తన జీవితం మీద నిర్ణయం ఆ స్త్రీదేనని ఆ తీర్పు సారం. మరుసటేడే, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదని సెక్షనుని నిలబెట్టింది. అదిప్పటికీ చట్టంలో ఉంది.

ఉంది సరే, ఏం చేయగలదు? డిక్రీని పాటించకపోతే ఆస్తి జప్తు చేయొచ్చు. అంతకుమించి మనిషిని లాక్కెళ్లడం లేదు, జైల్లో పెట్టడం లేదు. విచిత్రం చూడండి: డిక్రీ అయ్యాక ఏడాది పాటు కాపురం కలవకపోతే, అదే విడాకులకి కారణంగా చూపించొచ్చు. భార్యని పిలవడానికి వేసిన పిటిషను వదిలించుకోవడానికి మెట్టవుతోంది. "డిక్రీ వచ్చినా రాలేదు కాబట్టి మనోవర్తి ఇవ్వను" అనే వాదనకి కూడా కాలం చెల్లింది. భార్య రాకపోవడానికి తగిన కారణముంటే, ఆ డిక్రీ ఒక్కటే అడ్డు కాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది.

అపోహ: విడాకులయ్యాకే మనోవర్తి. అదీ భర్త ఊళ్లో కేసు వేస్తేనే.

వాస్తవం: విడాకులతో దీనికి లంకె లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది, సారం అదే. భర్త హైదరాబాదులో ఉన్నా గల్ఫులో ఉన్నా, భార్య తానుంటున్న చోటే వేసుకోవచ్చు. విడాకుల పిటిషనుకి కూడా 2003 నుంచి భార్యకి ఈ వీలుంది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలని, ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్లు వెయ్యాలని 2020లో రజనీష్–నేహ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 'ఉద్యోగం లేదండీ' అని చేతులెత్తేసేవాళ్లకి ఆ అఫిడవిట్టు దగ్గరే ఇరుకు మొదలవుతుంది. ముస్లిం మహిళలకి ఇది వర్తించదన్నది ఇంకో అపోహ. తెలంగాణ నుంచి వెళ్లిన అబ్దుల్ సమద్ కేసులో, విడాకులైన ముస్లిం మహిళ కూడా ఈ సెక్షను కింద అడగొచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది.

మనోవర్తి భార్యకే అనుకోవద్దు. పోషించుకోలేని తల్లిదండ్రులూ ఇక్కడే అడగొచ్చు. కొడుకునే కాదు, సంపాదన ఉంటే పెళ్లైన కూతురినైనా అడగొచ్చని 1987లోనే తీర్పుంది.

అపోహ: పదేళ్లు విడిగా ఉంటే పెళ్లి దానంతటదే రద్దు.

ఇరవై ఏళ్లున్నా కాదు. పరస్పర అంగీకారంతో విడాకులు కావాలంటే ఏడాది విడిగా ఉండి, పిటిషను వేశాక ఆర్నెల్లు ఆగాలి. ఆ ఆర్నెల్ల గడువుని తగిన కారణముంటే కోర్టు మాఫీ చెయ్యొచ్చని 2017లో తీర్పు వచ్చింది. 'బంధం ఇక అతకదు' అన్న ఒక్క కారణంతో తెంచే అధికారం మాత్రం సుప్రీంకోర్టుదే. ఆ సంగతి చెప్పిన 2023 నాటి తీర్పుని వాట్సాప్‌లో చూసి ఫ్యామిలీ కోర్టుకి పరిగెత్తినవాళ్లు ఉత్త చేతులతో వచ్చారు.

చివరిది ఎస్.కోట సంతకి కొండ దిగి వచ్చేవాళ్లది. పుణ్యగిరి వెనక కొండదొరల పల్లెల్లో "ఈ కోర్టులు మనవి కావు" అంటారు. సగం నిజం. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. వాళ్ల పెళ్లి, విడుపు ఆచారం ప్రకారమే. మిగతా సగం తప్పు. మనోవర్తి సెక్షనుకి, గృహహింస చట్టానికి కులం లేదు, మతం లేదు, కొండా పల్లమూ లేదు.

బస్సొచ్చింది. పెద్దావిడ కాగితం మళ్లీ మడిచి కవర్లో పెట్టుకుంది. పారేయొద్దన్నాను. విడాకులుగా అది చెల్లదు గానీ, వాళ్లు ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారో చెప్పే సాక్ష్యంగా పనికొస్తుంది. ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లమన్నాను. ఏ గడపో వాళ్లు చెబుతారు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు. ఫోను చెయ్యాలంటే నంబరు 15100.

ఊరి పెద్దలకి కూడా ఒక మాట. తగువు తీర్చండి, సామాన్లు ఇప్పించండి, బిడ్డకి నెలకింత అని ఒప్పించండి. బాండు పేపరు మీద విడాకులు మాత్రం రాయకండి.