తీగ కట్టే చేతికి కూలి ఏది?

తాంబూలం లేనిదే మనకు పెళ్లి లేదు, పేరంటం లేదు. అయితే ఆ తాంబూలంలోని ఆకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ. గుంటూరు జిల్లా పొన్నూరు, చేబ్రోలు ప్రాంతాల్లోనూ, తుని చుట్టుపక్కలా ఆకుతోటల్లో పనిచేసే మన కూలీలకు ఆ సంగతి బాగా తెలుసు. తమలపాకు సేద్యంలో సగం సేద్యం తీగ కట్టడమే. ఆ పని గురించీ, దానికి దక్కవలసిన కూలి గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

తమలపాకు తనంతట తాను నిలబడే మొక్క కాదు. అందుకని ముందు సాళ్లలో అవిశ విత్తుతారు. అవిశ కాస్త ఎదిగి నిలదొక్కుకున్నాక దాని మొదట్లో తీగముక్కలు నాటుతారు. అవిశ చేసే పని రెండు విధాలు: తీగకు ఊతం, ఆకుకు నీడ. ఎండ ఎక్కువైతే ఆకు పాలిపోతుంది. నీడ ఎక్కువైతే తోటలో తేమ నిలిచి తెగులు పుడుతుంది. కాబట్టి అవిశ కొమ్మలు ఎప్పుడు కోయాలో, ఎంత కోయాలో చూసుకోవాలి. నీరు నిలవకుండా కాలవలు తీయాలి.

తీగకు కణుపు దగ్గర సన్నని వేళ్లు పుడతాయి. అవి అవిశ బెరడును పట్టుకుంటేనే తీగ పైకి పాకుతుంది. ఆ పట్టు దొరికేదాకా మనిషి చెయ్యి కావాలి. అందుకే 15, 20 రోజులకొకసారి, కొత్తగా ఎదిగిన తీగను జానెడుకొక చోట జమ్ముతో అవిశకు కడతారు. బిగించి కడితే తీగ కోసుకుపోతుంది. వదులుగా కడితే గాలికి ఊగి, పట్టిన వేరు కూడా ఊడిపోతుంది. ప్లాస్టిక్ తాడు తీగను కోస్తుంది. జమ్ము అలా కాదు. తడిపితే మెత్తగా వంగుతుంది, వేరు పట్టు చిక్కాక దానంతట అదే చివికిపోతుంది. ఇది పుస్తకం చూసి వచ్చిన తెలివి కాదు, తరాలుగా ఈ తోటల్లో పనిచేసిన చేతుల తెలివి.

ఇక తీగ దించే పని ఇంకా కష్టం. ఏడాది తిరిగేసరికి తీగ అందనంత ఎత్తుకు పోతుంది, ఆకు చిన్నదవుతుంది. అప్పుడు కట్లన్నీ విప్పి, తీగ విరక్కుండా కిందికి దించి, ఆకులేని మొదటి భాగాన్ని చుట్టగా చుట్టి మట్టిలో కప్పుతారు. చివరి భాగాన్ని మళ్లీ అవిశకు కడతారు. మట్టిలో పడ్డ కణుపులకు కొత్త వేళ్లు వచ్చి తోట మళ్లీ కొత్తదవుతుంది. చెయ్యి కాస్త జారితే ఏడాది పెంచిన తీగ విరిగినట్టే.

మేము ఒక తోట గట్టున నిలబడి అడిగాం: "పెద్దమ్మా, ఈ పని నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది?" "ఎన్నాళ్లేంది నాయనా, మా అమ్మ కొంగు పట్టుకుని వచ్చినకాడినుంచీ నేరుస్తానే ఉన్నా" అన్నది. పక్కనున్న ఆసామి మాత్రం, "నీడపట్టున కూచుని చేసే పనేగదండీ, దానికి మగకూలి ఎట్టా ఇస్తాం?" అన్నాడు. చూశారా న్యాయం! మగవాడు నిచ్చెనెక్కితే అది పనితనం, ఆడమనిషి వంగి తీగ కడితే అది నీడపట్టు పని. సమానపనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఆడా మగా తేడా చూపరాదనే రాశారు. కాగితం మీది ఆ మాట తోట దడి దాటి లోపలికి రాలేదు.

మరో సంగతి మందు. మొదలు కుళ్లుకు బోర్డో మిశ్రమం వాడతారు. 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. దీనికి కళ్లు మండుతాయి. గాలి ఆడని తోటలో మందు కొట్టిన వెంటనే కూలీలను తీగ కట్టమని తోలడం అన్యాయం. ముందు ఆకు కోయాలి, ఆ తర్వాత మందు కొట్టాలి, ఆరాకనే మనిషిని పంపాలి.

అయితే చిన్న కౌలుదారును మనం శత్రువుగా చూడరాదు. పంట పండినా ఎండినా కౌలు కట్టేది అతనే. 2019 కౌలు చట్టం సాగుహక్కు కార్డుకు భూయజమాని అంగీకారం కావాలన్నది. సంతకం పెట్టే యజమానులెందరు? 1977 నవంబరు ఉప్పెన కృష్ణా, గుంటూరు తీరాలను ముంచిన సంగతి పెద్దలు మరవలేదు. గాలివానకు అవిశ విరిగితే తీగా నేలపాలే. అప్పుడు పరిహారం భూమి పేరున్నవాడికి పోతే కౌలుదారుకు అప్పు, కూలీకి పస్తు మిగులుతాయి. కనుక కౌలు తగ్గింపు కోసం అతనితో కలిసి నిలబడదాం, కూలి దగ్గర మాత్రం రాజీ పడవద్దు.

అందుచేత తీగ కట్టడం, దించడం నేర్పుగల పనిగా గుర్తించాలి. ఆడవారికీ మగవారికీ ఒకే రేటు ఇవ్వాలి. తోట పోయిన ఏడాది కూలీలకూ పరిహారం రావాలి. ఈ మాట తోటకొకరు విడివిడిగా అడిగితే మరునాడు పనికి పిలవరు. తీగ దించే రోజులు రాకముందే ఊళ్లోని కట్టుబడి కూలీలంతా ఒకచోట కూచుని రేటు ఖాయం చేసుకోవాలి. తీగ దించడం వాయిదా పడితే తోటకే నష్టమని ఆసాములకూ తెలుసు.