నీళ్లలో ఆగిన కారుకు సెల్ఫ్ కొట్టరాదు

తుమ్మలపల్లె: ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప నీటిచుక్క కనిపించని వంకలు మనవి. అందువల్ల నీళ్లలో బండి ఆగితే ఏం చేయాలన్నది తుమ్మలపల్లె, చుట్టుపక్కల పల్లెలవారికి అంతగా అలవాటు లేదు. అయితే ఎగువన గట్టివాన ఒక్కటి పడితే చాలు, పొద్దున దుమ్ము లేచిన దారిలోనే సాయంత్రానికి మోకాటి లోతు నీళ్లు పారతాయి. అక్కడ కారు ఆగితే చాలామంది చేసే మొదటి పని మళ్లీ తాళం తిప్పడం. ఇంజను చెడేది ఎక్కువగా అక్కడే.

నీరు అణగదు

సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టను అదిమి చిన్నదిగా చేస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ గాలి సుమారు పదహారో వంతుకు, అంతకన్నా తక్కువకు కూడా కుదించుకుపోతుంది. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. గాలి గొట్టం గుండా నీళ్లు లోపలికి చేరిన ఇంజనును బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఒక్కోసారి విరిగి ఇంజను గోడనే పగలగొడుతుంది. పెట్రోలు బండి ఒక్కోసారి వైర్లు తడిసినంత మాత్రాన కూడా ఆగవచ్చు. కారణం ఏదైనదీ సీటులో కూర్చుని తెలుసుకోలేము. కనుక సెల్ఫ్ కొట్టరాదు, తోసి స్టార్టు చేయరాదు.

ముందు మనుషులు

నీరు పెరుగుతుంటే కారు సంగతి వదిలి, అందరూ వెంటనే దిగి మెరకకు చేరాలి. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును కదిలిస్తుంది, రెండడుగులుంటే చాలా వాహనాలను కొట్టుకుపోతుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పొంగినప్పుడు నందలూరు ప్రాంతంలో ఆర్టీసీ బస్సులే వరదలో చిక్కుకుని ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. అదే నెలలో కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలింది. నీటి కింద దారి ఉందో లేదో పైనుంచి తెలియదు.

నీరు తగ్గిన తరువాత

తాళం తిప్పకుండా, గేరు న్యూట్రల్‌లో ఉంచి, నలుగురూ కలిసి కారును మెరకకు తోయాలి. ఆటోమేటిక్ గేరు కారునైతే తాడు కట్టి దూరం లాగరాదు, లారీపై ఎక్కించడం మేలు. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయాలి. గాలి ఫిల్టరు విప్పి చూస్తే సంగతి సగం తెలుస్తుంది. అది తడిసి ఉంటే నీరు లోపలికి వెళ్లిందనే అనుకోవాలి. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడాలి. నూనె పాలు పోసిన టీ రంగుకు మారితే అందులో నీరు కలిసినట్టే.

మిగిలిన పని మెకానిక్కుది. పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండికి ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పి నీటిని బయటికి పంపుతారు. ఆయిలు, ఫిల్టర్లు మార్చాలి. గేరు ఆయిలు, బ్రేకులు, వైర్లు చూడాలి. రోజుల తరబడి వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. కాబట్టి జాగు చేయరాదు.

ఇన్సూరెన్సు సంగతి

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మన కారుకు వరదనష్టం రాదు. కాంప్రిహెన్సివ్ పాలసీ ఉన్నా, నీళ్లలో ఆగిన ఇంజనును తిప్పడం వల్ల జరిగిన నష్టాన్ని కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. దానికి ఇంజను రక్షణ పాలసీని అదనంగా తీసుకోవాలి. బండి ఆగిన చోటే ఫోటోలు తీసి, విప్పకముందే కంపెనీకి తెలియజేయడం మంచిది.

మన వంకలు ఎంత వేగంగా వస్తాయో చాలాసార్లు అంత వేగంగానే తగ్గుతాయి. గట్టున కూర్చుని రెండు గంటలు ఓపిక పట్టినవారికి ఇంజను ఖర్చు తప్పుతుంది, ప్రాణభయమూ ఉండదు.