పాత జెడ్‌వీ-ఈ10 చేతిలో ఉందా? మార్క్ 2కి మారే ముందు ఈ లెక్క చూసుకోండి!

యూట్యూబ్ వీడియోలు, రీల్స్ చేసేవాళ్ల చేతుల్లో తరచూ కనిపించే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా సోనీ జెడ్‌వీ-ఈ10. 2021లో వచ్చింది. 2024 జూలైలో దీని మార్క్ 2 విడుదలైంది. అమెరికాలో లెన్స్ లేకుండా పాతదాని ప్రారంభ ధర సుమారు 700 డాలర్లు, కొత్తదాని ప్రారంభ ధర సుమారు 1,000 డాలర్లు. మరి పాత కెమెరా బాగానే పనిచేస్తుంటే, ఈఎంఐ పెట్టుకుని మరీ మారాలా?

ముందుగా బ్యాటరీ సంగతి. పాతదాంట్లో 1020 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటే, కొత్తదాంట్లో 2280 ఎంఏహెచ్ ఇచ్చారు. కంపెనీ లెక్క ప్రకారం ఒక్క ఛార్జింగ్‌కి ఫొటోలు 440 నుంచి 610కి పెరిగాయి. షూటింగ్ మధ్యలో బ్యాటరీలు మార్చి మార్చి విసిగిపోయిన వాళ్లకు ఇది పెద్ద ఊరటే. కాకపోతే పాత బ్యాటరీలు కొత్త కెమెరాకు పట్టవు, మళ్లీ కొనాల్సిందే. లెన్స్‌లు మాత్రం అవే వాడుకోవచ్చు.

ఇక వీడియో. పాతది 4కేలో సెకనుకు 30 ఫ్రేములే తీస్తుంది, అదీ ఫ్రేము చుట్టూ కొంత కత్తిరించి. కొత్తది 60 ఫ్రేముల వరకు తీస్తుంది. అంటే 4కేలోనే స్లోమోషన్ వస్తుంది. ఫుల్ హెచ్‌డీ స్లోమోషన్ చాలనుకుంటే అది పాతదాంట్లోనూ ఉంది. రంగులు కూడా 8 బిట్ నుంచి 10 బిట్‌కి మారాయి. ఎడిటింగ్‌లో కలర్ గ్రేడింగ్ చేసేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. సాయంత్రం ఆకాశంలో చారలు చారలుగా రంగు విరగడం తగ్గుతుంది. తీసింది తీసినట్టే అప్‌లోడ్ చేసేవాళ్లకు దీనితో పెద్దగా పని లేదు.

రీల్స్ విషయానికొస్తే, ఫోన్‌లో మనం చూసేది 1080x1920 సైజు. అడ్డంగా తీసిన 4కే వీడియో నుంచి నిలువు ముక్క కత్తిరించినా దాదాపు 1215 పిక్సెళ్ల వెడల్పు మిగులుతుంది. అంటే సరిపోతుంది. ఆ 4కే పాత కెమెరాలోనే ఉంది కదా!

అసలు చిక్కు ఎక్కడంటే, నడుస్తూ మాట్లాడేటప్పుడు వీడియో ఊగడం. సెన్సర్‌ను కదిలించి ఆ ఊపును అదుపు చేసే ఏర్పాటు పాతదాంట్లో లేదు, కొత్తదాంట్లోనూ ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ స్టెబిలైజేషన్ ఉంది గానీ, అది ఆన్ చేస్తే ఫ్రేము ఇంకాస్త ఇరుకవుతుంది. ఈ బాధ పడలేక మారాలనుకునేవాళ్లు ఆగండి, గింబల్ చవక.

ఇంకో మాట. పాతదాంట్లో ఉన్న మెకానికల్ షట్టర్‌ను కొత్తదాంట్లో తీసేశారు. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో ఫ్లాష్ పెట్టి ఫొటోలు తీసేవాళ్లకు ఇది నిజంగా నష్టమే. కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోల్లో గీతలు పడే అవకాశం కూడా ఉంటుంది. ఫొటోలే మీ ఆదాయమైతే మార్క్ 2 జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మసక వెలుతురులో వీడియో గ్రెయిన్స్‌తో వస్తోందా? అప్పుడు ముందు లెన్స్ మార్చి చూడండి. కెమెరాతో ఇచ్చే కిట్ లెన్స్ అపర్చర్ ఎఫ్/3.5 దగ్గరే ఆగిపోతుంది. సిగ్మా 16 ఎంఎం ఎఫ్/1.4 లాంటిది పెడితే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. బాడీ మార్చినంత మాత్రాన ఇంత తేడా రాదు. రేపు కెమెరా మార్చినా ఆ లెన్స్ మీ దగ్గరే ఉంటుంది.

గంటల తరబడి షూట్ చేసేవాళ్లు, కలర్ గ్రేడింగ్ చేసేవాళ్లు, క్లయింట్ 4కే స్లోమోషన్ అడిగేవాళ్లు మారొచ్చు, డబ్బు వృథా కాదు. అయినా కొనే ముందు ఒక్కరోజు అద్దెకు తెచ్చుకుని మీ మామూలు వీడియోనే తీసి చూడండి. ఆ ఫుటేజ్‌ని మీ ల్యాప్‌టాప్‌లోనే ఎడిట్ చేయండి. 10 బిట్ ఫైళ్లు పాత ల్యాప్‌టాప్‌లలో ఆగి ఆగి ప్లే అవుతుంటాయి. అలా జరిగితే కెమెరాతో పాటు కంప్యూటర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.