ఊళ్లో ఖాళీ జాగా ఎవరిది? అడిగే హక్కు చట్టంలోనే ఉంది

ఈద్ రోజు మధ్యాహ్నం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? పాలకొల్లు లాంటి ఊళ్లో చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్నే ఇది. మగపిల్లలు బ్యాటు పట్టుకుని ఎక్కడో ఒకచోట చేరిపోతారు. తల్లులు, ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంటికే పరిమితమవుతారు. పార్కు గేటు తీసే ఉన్నా సరే, నీడలో కూర్చోడానికి బల్ల, ఆడవాళ్లకి టాయిలెట్, చీకటి పడితే వెలిగే లైటు లేకపోతే వాళ్ల వరకూ అది మూసేసినట్టే లెక్క.

ఇది మన దగ్గరే ఉన్న సమస్య అనుకోనక్కర్లేదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల్లో పార్కుల్ని ఎవరు వాడుకుంటున్నారో పరిశీలించారు. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. ఉన్న మైదానమంతా బంతి ఆడే మగపిల్లల చేతిలో ఉండేది. జాగా కోసం వాళ్లతో పోటీపడలేక ఆడపిల్లలు మానేశారు. 1999లో అక్కడి మార్గరెటెన్ అనే పేటలో రెండు పార్కుల్ని మార్చి చూశారు. నడకదారులు వేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌లకు విడిగా చోటిచ్చారు, కూర్చునే వీలు పెంచారు. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. మగపిల్లల్ని ఎవరూ బయటికి పంపలేదు. ముందుగా వెళ్లి అడిగి, లెక్క తీసుకోవడం వల్లే ఇది కుదిరింది.

మరి మన దగ్గర ఎవరు అడగాలి, ఎవర్ని అడగాలి?

మామూలుగా అయితే వార్డు కౌన్సిలర్‌ని. పాలకొల్లుకు ఆ దారి కూడా చాలాకాలం లేకుండా పోయింది. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో పక్కనే ఉన్న నరసాపురంలో మున్సిపల్ ఎన్నికలు జరిగాయి, పాలకొల్లులో జరగలేదు. తర్వాత ఊరు నడిచింది అధికారుల చేతిమీదే. రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం వార్డు కమిటీల గురించి చెబుతుంది కానీ, అవి తప్పనిసరి అయ్యేది మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే. 2011 లెక్కల్లో పాలకొల్లు జనాభా 61 వేల పైచిలుకు. అంటే చిన్న పట్టణంలో ఉన్నవాళ్లు తమంతట తాము వెళ్లి తలుపు తట్టాల్సిందే.

ఒక తలుపు మాత్రం ఊరి సైజుతో పనిలేకుండా ఉంది. అదే వీధి వ్యాపారుల చట్టం. తోపుడు బండి మీద పండ్లు, చెప్పులు, గాజులు, రంజాన్‌లో సమోసాలు అమ్ముకుని బతికే కుటుంబాలు మన మొహల్లాల్లో ఎన్నో మీకు తెలిసిందే. 2014లో పార్లమెంటు చేసిన ఈ చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. మున్సిపల్ కమిషనర్ దానికి ఛైర్మన్. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లని వ్యాపారులే ఎన్నుకోవాలి. వాళ్లలో మూడోవంతు మహిళలు. ఎస్సీ, ఎస్టీ, బీసీలతో పాటు మైనారిటీలకు, వికలాంగులకు తగిన చోటు ఇవ్వాలని చట్టంలోనే రాసి ఉంది. పేట సంఘాలకూ, స్వచ్ఛంద సంస్థలకూ కనీసం పది శాతం సీట్లు ఉన్నాయి.

బండి ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు అనే మాట తేలేది ఈ కమిటీలో. పట్టణ జనాభాలో 2.5 శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలని చట్టం అంటోంది. పాలకొల్లు పాత జనాభా లెక్కతోనే చూసినా అది సుమారు 1,500 మంది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు, ఆ తర్వాత కూడా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ట్రాఫిక్‌కి అడ్డమని పొద్దున్నే వచ్చి బండి ఎత్తుకుపోయేటప్పుడు ఈ రెండు ముక్కలు తెలిసినవాడు ఒక్కడున్నా మాట వేరేగా ఉంటుంది. సర్వేలో పేరుందో లేదో మున్సిపల్ ఆఫీసులో మెప్మా సిబ్బందిని అడిగి తెలుసుకోవచ్చు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది కూడా చెప్పుకోవాలి. ఫుట్‌పాత్ మొత్తం బండ్లతో నిండిపోతే బుర్ఖాలో పిల్లాడిని ఎత్తుకున్న తల్లి, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన రోడ్డు మీదకి దిగాల్సి వస్తుంది. కార్తీకమాసంలో పంచారామ యాత్రికులు క్షీరారామానికి వచ్చే రోజుల్లో ఆ ఇబ్బంది అందరికీ ఉంటుంది. అందుకే కమిటీలో అమ్మేవాళ్లు, నడిచేవాళ్లు ఇద్దరూ కూర్చోవాలి. ఒక్క వర్గం వెళ్లి తన పని చేయించుకుని వచ్చేస్తే రేపు ఇంకో వర్గం అదే చేస్తుంది.

పార్కు జాగా విషయంలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి గుర్తుంచుకోవాలి. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి కేటాయిస్తే ఆ పేటవాళ్లే కోర్టుకు వెళ్లారు. కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది, అక్కడ ఉండేవాళ్లకి అడిగే హక్కు ఉందని చెప్పింది. కాబట్టి లేఅవుట్ ప్లాన్‌లో ఖాళీ స్థలంగా చూపించిన జాగా ఇప్పుడు ఎలా ఉందో అడగడం ఎవరి మీదో గొడవకి దిగడం కిందకి రాదు.

హైదరాబాద్‌లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపాలన్న ఆలోచన ఒక నగరవాసి ట్విట్టర్‌లో పెట్టిన మాట నుంచే కదిలింది. 2021 ఆగస్టులో అమలైంది, అక్టోబరులో చార్మినార్ దగ్గర కూడా మొదలుపెట్టారు. బాగానే ఉంది కానీ రాజధానిలో ట్వీట్‌కి ఉన్న విలువ డెల్టా పట్టణంలో ఉండదు. ఇక్కడ కాగితమే పని చేస్తుంది.

ఆ కాగితం ఎలా ఉండాలంటే, "మా ఏరియాని అభివృద్ధి చేయండి" అని రాస్తే ఫైల్లోనే ఉండిపోతుంది. ఫలానా పార్కులో మూడు లైట్లు వెలగట్లేదు, ఆడవాళ్లకి టాయిలెట్ లేదు, వీల్‌చైర్ వెళ్లడానికి ర్యాంప్ లేదు అని రాయాలి. సంతకాలు ఒక్క వీధివే కాకుండా పక్క పేటవి కూడా ఉంటే ఇది ఒక మతంవాళ్ల కోరిక అని పక్కన పెట్టే వీలుండదు. సోమవారం భీమవరం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. టౌన్ వెండింగ్ కమిటీలో సభ్యులెవరు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, ఏం తీర్మానించారు అన్నది సమాచార హక్కు కింద మున్సిపాలిటీనే అడగొచ్చు. ఫీజు 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే అదే ఆఫీసులోని అప్పీలు అధికారికి మరో 30 రోజుల్లోపు రాయాలి, దానికి కొత్త లాయరేం అక్కర్లేదు.