సైకిలు తొక్కగలడు, నడవలేడు!

బొగ్గుగనుల ప్రాంతంలో ఉండే పిల్లలు ఇలాంటి తాతలను చూసే ఉంటారు. గనిలో పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు పనిచేసి దిగిపోయినవారు. సైకిలెక్కి గోదావరిఖని బజారుకు వెళ్ళి సరుకులు తెచ్చుకుంటారు. మూడు కిలోమీటర్లు తొక్కినా బాధ లేదు. అదే నడవమంటే నాలుగు కరెంటు స్తంభాలు దాటేసరికి పిక్కలు లాగుతాయి, కాలు మొద్దుబారుతుంది, కనబడిన అరుగు మీద చతికిలబడతారు. ముందుకు వంగి రెండు నిమిషాలు కూర్చుంటే నొప్పి పోతుంది. లేచి నడిస్తే మళ్ళీ మొదలు. పైకి ఏ గాయమూ కనబడదు కనుక "పనికి బద్ధకం" అని ఇంట్లోవాళ్ళే అనేస్తారు. ఇది బద్ధకం కాదు. నొప్పి కాలిలో ఉన్నా దాని కారణం నడుములో ఉంది.

మీ వీపు నడిమధ్య వేలితో పైనుంచి కిందికి తడమండి. గట్టిగా తగిలేవి వెన్నుపూసల కొనలు. పుట్టినప్పుడు మనకు 33 పూసలుంటాయి. పెరిగే కొద్దీ అడుగున ఉన్నవి అతుక్కుపోయి పెద్దవారిలో లెక్క 26కు వస్తుంది. ఈ పూసల వెనుక గొట్టంలా ఉన్న దారిలో వెన్నుపాము ఉంటుంది. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరి చేతులకూ కాళ్ళకూ ఒంటికీ పోతాయి. గొట్టంలోంచి బయటికి రావడానికి వాటికి దారి కావాలి కదా! పై పూస అడుగున ఒక గండి, కింది పూస పైన ఒక గండి ఉంటాయి. రెండూ ఎదురెదురుగా వచ్చి ఒక రంధ్రం అవుతుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. నడుము దగ్గర ఈ రంధ్రం ఎత్తు సుమారు 2 సెంటీమీటర్లు, వెడల్పు అందులో సగం కూడా ఉండదు. అందులో నాడి ఆక్రమించేది మూడోవంతు మాత్రమే. మిగిలిన చోట మెత్తని కొవ్వు, సన్నని రక్తనాళాలు ఉంటాయి. ఆ ఖాళీ ఉన్నంతకాలం నాడికి ఇబ్బంది లేదు.

(మెడలో పూసలు 7, నాడుల జతలు మాత్రం 8. ఎందుకో తరగతిలో అడిగితే ఎప్పుడూ తగవే! మొదటి జత మొదటి పూసకు పైనుంచే బయటికి వస్తుంది. అదీ సంగతి.)

ఈ రంధ్రం ఎత్తు దేనిమీద ఆధారపడుతుంది? పూసకూ పూసకూ మధ్య దిండులా ఉండే డిస్కు మీద. ఇలాంటి డిస్కులు 23 ఉన్నాయి. మధ్యలో నీటితో నిండిన జిగురు పదార్థం, చుట్టూ ఉల్లిపొరల్లా గట్టి నారల వలయాలు. పగలంతా మన బరువుకు అందులోని నీరు కొంత బయటికి పోతుంది. రాత్రి పడుకున్నప్పుడు మళ్ళీ చేరుతుంది. నమ్మకం లేకపోతే రేపు లేవగానే గోడకు ఆనుకుని నిలబడి తల మీద స్కేలు పెట్టించి గీత గీయించుకోండి. రాత్రి పడుకునే ముందు మళ్ళీ గీయించండి. సుమారు ఒక సెంటీమీటరు తగ్గి ఉంటారు! వయసు మీరినప్పుడు జరిగేది వేరు. పోయిన నీరు పూర్తిగా తిరిగి రాదు, డిస్కు శాశ్వతంగా పలచబడుతుంది.

గని సంగతి తెలిసినవారికి ఇది చెప్పడం తేలిక. భూమి లోపల బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా మధ్య మధ్య బొగ్గు స్తంభాలను వదిలిపెడతారు. స్తంభం నలిగితే పైకప్పు దిగుతుంది, దారి ఎత్తు తగ్గుతుంది. ఆ దారిలో పోయే కేబులు రాయికి ఒరుసుకుంటుంది. డిస్కు పలచబడితే పై పూస అలాగే కిందికి దిగుతుంది, రంధ్రం కురచవుతుంది. అంతటితో ఆగదు. కుదురు తప్పిన కీళ్ళ దగ్గర ఎముక కొత్తగా మొలకలు వేస్తుంది. పక్కనున్న స్నాయువు మందమవుతుంది. డిస్కు అంచు ఉబ్బి ఒకవైపు నుంచి తోస్తుంది. అన్నివైపులా దారి మూసుకొస్తుంటే నాడి మధ్యలో చిక్కుతుంది.

డిస్కు మీద ఎంత ఒత్తిడి పడుతుంది? 1999లో జర్మనీలో విల్కే అనే శాస్త్రవేత్త బృందం ఒక ఆరోగ్యవంతుడి నడుములో 4, 5 పూసల మధ్య డిస్కులోకి సూక్ష్మమైన పరికరాన్ని పంపి కొలిచింది. నిటారుగా నిలబడితే 0.5 మెగాపాస్కల్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 5 కిలోల బరువు. నడుం వంచి 20 కిలోలు ఎత్తితే 2.3! అదే బరువును మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7. ఒకప్పుడు గనుల్లో తట్టా, చెమ్మస్ పట్టుకుని ఫిల్లర్లు బొగ్గును టబ్బుల్లోకి నింపేవారు. ఒక్క షిఫ్టులో ఎన్నిసార్లు వంగి లేచేవారో ఊహించండి. తర్వాత లోడింగు యంత్రాలు వచ్చాయి. ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్లు వచ్చాయి. గతుకుల దారిలో గంటల తరబడి సీటులో కుదుపులు తినడం కూడా నడుముకు చేటే. అలాగని తప్పంతా పనిమీదే వేయకూడదు. ఫిన్లాండులో కవలల వెన్నెముకలను పోల్చి 1995లో ప్రకటించిన పరిశోధనలో, డిస్కు అరుగుదలలో పని కంటే వంశపారంపర్యం పాత్రే ఎక్కువని తేలింది.

నాడి నలిగిన చోట కాక అది చేరే చోట బాధ తెలియడం విచిత్రం. మెదడుకు కబురు ఆ తీగమీదే వస్తుంది గనుక అది తీగ చివరనే నొప్పి అనుకుంటుంది. నడుములోని 5వ నాడి నలిగితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది, బొటనవేలు పైకెత్తే బలం తగ్గుతుంది. మెడలో 6వ నాడి నలిగితే చేతి బొటనవేలు తిమ్మిరెక్కుతుంది. ఏ వేలు అని అడిగి ఏ రంధ్రమో డాక్టరు ఊహించగలగడం ఇందువల్లే.

ఇక సైకిలు సంగతి. నిలబడినా నడిచినా మన నడుము కొంచెం వెనక్కి వంగి ఉంటుంది. అప్పుడు నాడులదారి, రంధ్రం రెండూ ఇరుకవుతాయి. హ్యాండిలు మీదికి ముందుకు వంగితే పూసలు వెనుకవైపు విడివడి దారి తెరుచుకుంటుంది. కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోయినా నడకలో ఇలాంటి నొప్పే వస్తుంది గానీ, అది సైకిలు తొక్కినా వస్తుంది. అందుకే రెంటినీ విడదీయడానికి రోగిచేత సైకిలు తొక్కించి చూసే పరీక్ష ఒకటి ఉండేది. నాడులదారి ఇరుకు కావడం వల్లే ఈ బాధ అని 1954లో స్పష్టంగా వివరించినవాడు హాలండు డాక్టరు వెర్బీస్ట్.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, నాడి కనబడదు. దానికి ఎం.ఆర్.ఐ. కావాలి. అయితే చిత్రంలో రంధ్రం ఇరుగ్గా ఉన్నవారిలో ఏ బాధా లేనివారు చాలామంది ఉంటారు. కాబట్టి చిత్రం చూసి కంగారుపడనక్కరలేదు. ఎక్కువమందికి మందులు, తగిన వ్యాయామం సరిపోతాయి. కొందరికే ఆపరేషనుతో రంధ్రం వెడల్పు చేస్తారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడిచేత నడుం మీద తన్నిస్తే పోతుందని మనవైపు ఒక నమ్మకం ఉంది. నలిగిన నాడి మీద తన్నడమేమిటి? దయచేసి ఇంట్లో ఆపండి. పాదం ఒక్కసారిగా వేలాడిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆలస్యమైతే నాడులు మళ్ళీ కోలుకోకపోవచ్చు.

మన రాష్ట్రంలోనే నల్లగొండ జిల్లాలో ఇదే ఇరుకు మరోదారిన వచ్చింది. అక్కడి బావినీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకలో చేరి పోగవుతుంది. పరిమాణం మరీ ఎక్కువైనచోట ఎముక మందమై, స్నాయువులు గట్టిపడి, వెన్నులోని దారులన్నీ మూసుకొస్తాయి. వెన్నుపామే నలిగి కాళ్ళు చచ్చుపడినవారున్నారు. నల్లగొండ రోగుల గురించి సిద్దిఖీ అనే డాక్టరు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పటిక, సున్నం కలిపి నీటినుంచి ఫ్లోరైడును తొలగించే పద్ధతిని 1970లలో నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. ఆ పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నదీజలాలు కుళాయిల్లోకి వచ్చాయి. ఎముకలో చేరిన ఫ్లోరైడు మాత్రం చాలా ఏళ్ళకు గానీ తగ్గదు. అందుకే మర్రిగూడ వైపు వెళితే వంగిపోయిన పెద్దలు ఇంకా కనబడతారు.