చెయ్యి మారిస్తే మనిషితనం ఎంత తగ్గుతుంది?

‘సైబర్‌పంక్ రెడ్’ ఆటలో ఉక్కు చెయ్యి పెట్టించుకోవాలంటే రెండు రకాలుగా ధర కట్టాలి. డబ్బు 500 యూరోబక్స్. దానితోపాటు 7 పాయింట్ల మానవత్వం. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, మానవత్వం అంత తేలిగ్గా తిరిగి రాదు. అది పూర్తిగా అడుగంటితే ఆ పాత్ర ఇక ఆటగాడి చేతిలో ఉండదు.

ఇది కంప్యూటర్‌లో ఆడేది కాదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిల్, పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుంటారు. గేమ్ మాస్టర్ కథ నడుపుతాడు. అమెరికాలో మైక్ పాండ్‌స్మిత్ 1988లో రూపొందించిన ‘సైబర్‌పంక్’ దీనికి మూలం. కథ జరిగేది కాలిఫోర్నియా తీరంలో నైట్ సిటీ అనే ఊహానగరంలో. అక్కడ ప్రభుత్వాల కన్నా కంపెనీలదే పెత్తనం. డబ్బుంటే కన్ను, చెయ్యి, నరాలు, ఏదైనా మార్చుకోవచ్చు. 1990లో ‘సైబర్‌పంక్ 2020’ వచ్చింది. ‘రెడ్’ 2020లో వచ్చింది. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ తయారుచేసిన వీడియో గేమ్ ‘సైబర్‌పంక్ 2077’ కూడా అదే ఏడాది విడుదలైంది. మన దగ్గర చాలామందికి పరిచయమైంది ఈ వీడియో గేమే, లేదంటే 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఎడ్జ్‌రన్నర్స్’ యానిమే. కానీ మానవత్వం లెక్క పుట్టింది మాత్రం బల్ల మీద ఆడే ఆటలోనే.

ఆ లెక్క ఇలా సాగుతుంది. ప్రతి పాత్రకూ సహానుభూతి అనే ఒక అంకె ఉంటుంది. దాన్ని 10తో హెచ్చవేస్తే మానవత్వం వస్తుంది. సహానుభూతి 6 ఉన్న పాత్ర 60తో మొదలవుతుంది. ఉక్కు చేతికి 7 పోతే 53. మెదడుకూ యంత్రాలకూ వంతెన వేసే న్యూరల్ లింక్‌కు మరో 7, మిగిలేది 46. దానికి తగిలించుకుని మెరుపులా కదలడానికి వాడే శాండెవిస్టాన్‌కు ఇంకో 7, అంటే 39. పదుల స్థానం తగ్గినప్పుడల్లా సహానుభూతీ తగ్గుతుంది. మూడు పరికరాలు పెట్టించుకునేసరికి 6 కాస్తా 3 అయింది. పాత్రను తయారుచేసుకునేటప్పుడు ఈ 7 స్థిరం. ఆట మధ్యలో పెట్టించుకుంటే మాత్రం రెండు పాచికలు వేయాలి, ఎంత పడితే అంత పోతుంది.

ఇందులోని తెలివంతా ఆ అంకెను దేనికి ముడిపెట్టారన్న దాంట్లో ఉంది. ఎదుటి మనిషి అబద్ధమాడుతున్నాడా, భయపడుతున్నాడా అని పసిగట్టే నైపుణ్యం సహానుభూతి మీద ఆధారపడుతుంది. మాట కలిపి నాలుగు విషయాలు రాబట్టడమూ అంతే. కాబట్టి మానవత్వం తగ్గడమంటే కాగితం మీద ఓ గడి ఖాళీ కావడం మాత్రమే కాదు. నిన్నటిదాకా టీకొట్టు యజమానితో కబుర్లు చెప్పి వీధి సమాచారమంతా లాగిన పాత్రకు ఇవాళ అతని ముఖంలో ఏముందో అర్థం కాదు. అర్థం కాని చోట తుపాకీ తీయడమే సులువైన దారి అవుతుంది. పాత్ర క్రూరంగా మారిందని ఎవరూ ప్రకటించనక్కర్లేదు, పాచికలే ఆ దిక్కుకు తోస్తాయి. చివరికి మానవత్వం పూర్తిగా పోతే దాన్ని సైబర్‌సైకోసిస్ అంటారు. అప్పుడు ఆటగాడు తన పాత్ర కాగితాన్ని గేమ్ మాస్టర్‌కు అప్పగించాలి. నెలల తరబడి పెంచుకున్న పాత్ర అవతలి పక్షానికి వెళ్లి తన స్నేహితుల మీదికే రావచ్చు. 1989లో వచ్చిన మరో ఆట ‘షాడోరన్’లోనూ శరీరంలో లోహం చేరేకొద్దీ ఎసెన్స్ అనే అంకె తగ్గుతుంది. అయితే అక్కడ ప్రధానంగా దెబ్బతినేది మంత్రశక్తి. ఇక్కడ దెబ్బతినేది తోటి మనిషితో ఉండే సంబంధం. నాకు ఇదే ఎక్కువ భయపెట్టే ఊహగా అనిపిస్తుంది.

అయితే ఈ నియమం మీద ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. కృత్రిమ అవయవం పెట్టుకున్నవారిలో మనిషితనం కొంత తక్కువని చెప్పడం ఏ రకం ఊహ? తెలుగు ప్రేక్షకులకు ఈ ప్రశ్న మరీ కొత్తది కాదు. ప్రమాదంలో కాలు కోల్పోయిన సుధా చంద్రన్ జైపూర్ కాలు అమర్చుకుని మళ్లీ నాట్యం చేశారు. ఆమె జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’లో ఆమే నటించారు. పాత సైబర్‌పంక్ లెక్కను ఆ కాలికి వర్తింపజేసి చూడండి, ఎంత అసంబద్ధమో తెలుస్తుంది. అభిమానుల్లో, ముఖ్యంగా వికలాంగులైన ఆటగాళ్లలో, ఈ విమర్శ చాలాకాలంగా ఉంది. ‘రెడ్’ దీన్ని కొంత సర్దింది. పోయిన అవయవం స్థానంలో మామూలు పనికోసం చికిత్సగా అమర్చినదానికి మానవత్వం కోత లేదు. మామూలు మనిషికి మించిన బలమో వేగమో కోరి పెట్టించుకున్నదానికే కోత. అంటే మార్పు లోహంలో లేదు, దేనికోసం పెట్టించుకున్నామన్న దాంట్లో ఉంది. ఈ గీత నిజ జీవితంలో ఇంత స్పష్టంగా గీయలేం గానీ, పాతదాని కన్నా ఇది నయం.

పోయిన మానవత్వాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ‘రెడ్’లో థెరపీ ఉంది. వారం రోజుల మామూలు థెరపీకి 500 యూరోబక్స్. రెండు పాచికలు వేస్తే ఎంత పడితే అంత తిరిగొస్తుంది. చెయ్యి ధరా 500, అది లాక్కున్నదాన్ని పూడ్చుకునే ధరా 500. పైగా ఒంట్లో ఉన్న ఒక్కో పరికరానికి గరిష్ఠ పరిమితి 2 చొప్పున తగ్గుతుంది, కేవలం అలంకారానికి పెట్టించుకున్నవాటికి తప్ప. ఇప్పుడు వలయం గమనించండి. థెరపీకి డబ్బు కావాలి. డబ్బు కావాలంటే ప్రాణాల మీదికి తెచ్చే పనులు ఒప్పుకోవాలి. ఆ పనుల్లో బతికి బయటపడాలంటే ఇంకో పరికరం కావాలి. ‘ఎడ్జ్‌రన్నర్స్’లో డేవిడ్ మార్టినెజ్ కథ మొత్తం ఈ వలయమే. పేద తల్లి చనిపోయాక ఆ కుర్రాడు వెన్నులో శాండెవిస్టాన్ పెట్టించుకుంటాడు. అక్కడి నుంచి ప్రతి కొత్త పరికరానికీ అతని దగ్గర ఓ సమంజసమైన కారణమే ఉంటుంది.

‘2077’ వీడియో గేమ్ ఒక విచిత్రమైన పని చేసింది. మానవత్వం అంకెనే తీసేసింది. కథానాయకుడు వి ఎన్ని పరికరాలు పెట్టించుకున్నా మతి చలించదు. కానీ నగరంలో 17 మంది సైబర్‌సైకోలను పట్టుకునే పని ఒకటి ఉంటుంది. రెజీనా జోన్స్ అనే మధ్యవర్తి వాళ్లను చంపకుండా అప్పగించమని అడుగుతుంది. వాళ్ల దగ్గర దొరికే సందేశాలు చదివితే చాలాచోట్ల లోహం కన్నా ముందు ఇంకేదో కనిపిస్తుంది. యుద్ధం మిగిల్చిన గాయాలు, చేతికందని మందులు, కంపెనీల మోసాలు. నియమాల పుస్తకంలో ఒక్క అంకెగా ఉన్నదానికి ఇక్కడ పేర్లు, బతుకులు వచ్చాయి.

నిజ ప్రపంచంలో ఇంప్లాంట్ల వల్ల తలెత్తిన చిక్కు కూడా ఈ వైపు నుంచే వచ్చింది. అమెరికా కంపెనీ సెకండ్ సైట్ తయారుచేసిన ఆర్గస్ 2 అనే కంటి ఇంప్లాంట్‌ను 350 మందికి పైగా అంధులు పెట్టించుకున్నారు. కళ్లద్దాలకున్న కెమెరా నుంచి రెటీనా మీది ఎలక్ట్రోడ్లకు సంకేతాలు వెళ్తే వెలుగునీడల ఆకారాలు తెలుస్తాయి. వాళ్లలో ఎవరి సహానుభూతీ తగ్గలేదు. కంపెనీ ఆ ఇంప్లాంట్‌ను పక్కన పెట్టేసింది. 2020లో దివాలా అంచుకు చేరి సిబ్బందిలో ఎక్కువమందిని తొలగించింది. పరికరం మాత్రం వాళ్ల కళ్లలోనే ఉంది. పాడైతే బాగుచేసేవారు లేరు, విడిభాగాలు దొరకవు, తీయించుకోవాలంటే మళ్లీ ఆపరేషన్.